ఆకుపచ్చ చీటీ

జల్లెడకి కుదురుగా కూర్చోవడం చేతకాదు. కుర్చీ అంచున, ఎవరో పిలవబోతున్నట్టు కూర్చుంటుంది. ఎవరూ పిలవకపోయినా లేస్తుంది. కిటికీ దాకా వెళ్లొస్తుంది, సీసాలో నీళ్లు నింపుకొస్తుంది, వాటిని తాగడం మాత్రం మర్చిపోతుంది. ఇంట్లో మొగుడు 'నీ కాళ్లకి చక్రాలున్నాయే' అని ఏడిపిస్తాడు. కానీ ఆఫీసులో ఆమెకి జల్లెడ అని పేరు పెట్టింది ఆ తిరుగుడు చూసి కాదు, ఆమె చేసే పని చూసి.

వాళ్ల కంపెనీ ఒక పిల్లల ఆసుపత్రి వెబ్‌సైట్‌నీ, ఆ ఆసుపత్రి నుంచి తల్లిదండ్రుల ఫోన్లకి వెళ్లే మెసేజ్‌లనీ చూసుకుంటుంది. సైట్‌లో ఏ చిన్న మార్పు చేయాలన్నా దాన్ని ఒక ప్యాకేజీగా మూటగట్టి ముందు జల్లెడకి పంపాలి. ఆమె మూట విప్పి చూస్తుంది. లోపల ఉన్నది కోడా, కంటెంటా? లెక్కలు కట్టేది, మెసేజ్‌లు పంపేది, అంటే ఏదో ఒక పని చేసేది కోడ్. మనుషులు చదువుకునేది, చూసేది కంటెంట్. కంటెంట్ అయితే ఆకుపచ్చ చీటీ. ఆ క్షణమే సైట్ మీదికి వెళ్లిపోతుంది. కోడ్ అయితే ఎర్ర చీటీ. అది పరీక్షలు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లకి బుద్ధి పుట్టినప్పుడు బయటికొస్తుంది. రెండూ కలిపి ఒకే మూటలో తెస్తే జల్లెడ మొహం మీదే వెనక్కి పంపుతుంది, విడదీసి తెమ్మని.

ఎర్ర చీటీ అంటే అందరికీ భయమే. అందుకే ఇంజనీర్లు రెండు ముక్కల కోడ్‌ని కంటెంట్ కింద దాచి తోసేయాలని చూసేవాళ్లు. పట్టుకుంటే వాదన. ఇది పని చేసేదంటే కాదు చదివేదని, చదివేదంటే కాదు చూసేదని, ఒక్కో మూటకి ఒక పూట గడిచిపోయేది. విసుగెత్తి జల్లెడ ఒక పద్ధతి కనిపెట్టింది. సర్వర్‌లో రెండు పెద్ద ఫోల్డర్లు ఉన్నాయి. వాటిని ఆమె గదులంటుంది. ఈ గదిలో ఉన్నవన్నీ కోడ్, ఆ గదిలో ఉన్నవన్నీ కంటెంట్. ఏం చేస్తుందని అడగక్కర్లేదు, ఏ గదిలో ఉందో చూస్తే చాలు. ఆ రోజు నుంచి నోళ్లు మూతపడ్డాయి. చెప్పొద్దూ, మంచి పద్ధతే. పనిచేసినన్నాళ్లూ అన్నీ మంచి పద్ధతులే.

ఆ పొద్దున క్యూలో ఆమె ఆడపడుచు మూట కూడా ఉంది. మొగుడి చెల్లెలన్నమాట. కంటెంట్ వైపు కొత్తగా చేరింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. చేర్పించింది జల్లెడే. అందుకే 'మరదలికి చీటీలు ఇంట్లోనే ఇచ్చేస్తుందేమో' అని వెనకాల గుసగుసలు. ఆ గుసగుసలకి జవాబుగా జల్లెడ ఆ పిల్లని అందరికన్నా రెండాకులు ఎక్కువే కసురుతుంది. ఎవరో ఏదో అనుకుంటారని ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడే మనుషులు మనకేం కొత్త?

ఆడపడుచు చేసిన మార్పు చాలా చిన్నది. ఆపరేషన్‌కి ముందు పిల్లలకి తిండి ఎప్పుడు ఆపాలి, నీళ్లు ఎప్పుడు ఆపాలి అని ఒక పట్టిక ఉంది. తిండి ఆరు గంటల ముందు ఆపేయాలి. మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు ఇవ్వచ్చు. పట్టికలో తిండి వరస ముందు, నీళ్ల వరస తర్వాత ఉండేవి. తల్లులందరూ ముందు నీళ్ల గురించే అడుగుతున్నారు, దాన్ని ముందుకి తెమ్మని నర్సులు చెప్పారు. ఈ అమ్మాయి రెండు వరసలనీ అటుదిటు, ఇటుదటు చేసింది. శీర్షికలు కూడా సరిగ్గా మార్చింది. అంతే.

మూట పంపి ఊరుకోకుండా జల్లెడ బల్ల దగ్గరికి వచ్చింది.

"వదినా, ఒక్కమాట. ఈ పట్టికని మెసేజ్‌లు పంపే ప్రోగ్రాం కూడా చదువుతుందట కదా. మరి దీన్ని కంటెంట్ అనే అనుకోవాలా?"

జల్లెడ తెర మీద నుంచి తల తిప్పలేదు. "ఏ గదిలో ఉంది?"

"కంటెంట్ గదిలోనే."

"మరింకేం? పట్టికేమన్నా లేచి పరిగెడుతుందా?"

చుట్టుపక్కల బల్లల వాళ్లు నవ్వారు. ఆడపడుచు కూడా నవ్వింది, కాకపోతే కొంచెం ఆలస్యంగా. జల్లెడ ఆకుపచ్చ చీటీ కొట్టేసింది. పట్టిక సైట్ మీదికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర జల్లెడకి ముద్ద దిగలేదు. ఏమైందో ఆమెకే తెలియదు. ఆ పిల్ల అడిగిన ప్రశ్న చెవిలో జోరీగలా తిరుగుతోంది. డబ్బా మూతపెట్టి వరండాలో రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. లిఫ్ట్ ఎక్కి, ఏ అంతస్తుకి వెళ్లాలో తోచక దిగిపోయింది. 'పట్టికే కదా' అని తనకి తనే సర్దిచెప్పుకుంది. పట్టికే అయితే ఇంతసేపు సర్దిచెప్పుకోవడం ఎందుకని మళ్లీ తనకే అనిపించింది. చివరికి వచ్చి కూర్చుని, ఎన్నడూ తెరవని మెసేజ్‌ల ప్రోగ్రాంని తెరిచింది.

చదవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ ప్రోగ్రాం ఎవరో ఎప్పుడో హడావిడిలో రాసింది. అది పట్టికలో శీర్షికలు చూడదు. పిల్లల వయసు తర్వాత మొదట వచ్చే వరస తిండిది, రెండోది నీళ్లది అని గుడ్డిగా నమ్మి మెసేజ్ తయారుచేస్తుంది. పొద్దున ఆ వరసలే తారుమారయ్యాయి. సైట్‌లో చూసే మనిషికి అంతా సవ్యంగానే ఉంటుంది. ఫోన్‌కి వెళ్లే మెసేజ్ మాత్రం తలకిందులవుతుంది.

రేపు పొద్దున ఆపరేషన్లు ఉన్న పిల్లల ఇళ్లకి మెసేజ్‌లు అప్పటికే వెళ్లిపోయాయి. ఒకటి తెరిచి చూసింది. 'ఆపరేషన్‌కి రెండు గంటల ముందు వరకు ఆహారం ఇవ్వవచ్చు. ఆరు గంటల ముందే నీళ్లు ఆపివేయండి.'

కడుపులో తిండి ఉండగా మత్తిస్తే అది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రాణం మీదికొచ్చే వ్యవహారం. అందుకని పొద్దున్నే నర్సులు అడుగుతారు, బిడ్డ ఎప్పుడు తిన్నదని. తిన్నదని చెప్తే ఆపరేషన్ ఆగిపోతుంది. భయపడి తినలేదని అబద్ధం చెప్తే ఏమవుతుందో జల్లెడ ఆలోచించదలుచుకోలేదు.

ఆడపడుచు దగ్గరికి ఆమె నడవలేదు, ఉరికింది. పట్టికని పాత వరసలోకి మార్చడం నిమిషాల్లో అయిపోయింది. కంటెంటే కదా, ఆకుపచ్చ చీటీ. కానీ వెళ్లిపోయిన మెసేజ్‌ల సంగతేంటి? ఆ ప్రోగ్రాం ఒక్కో బిడ్డకి ఒక్కసారే పంపుతుంది. రెండోసారి పంపాలంటే దాన్ని మార్చాలి. మార్చితే అది కోడ్. కోడ్‌కి ఎర్ర చీటీ. పరీక్షల వాళ్లని ఎంత బతిమాలినా రేపు సాయంత్రం లోపల తేలదు. తను కట్టిన గుమ్మానికి తన తలే తగిలింది.

ఇద్దరూ మేనేజర్ గదిలోకి వెళ్లారు. ఆయన్ని అందరూ సర్దుబాటు గారంటారు, ఆయన లేనప్పుడు. ఆయనకి కోపం రాదు. ఎంత పెద్ద గొడవనైనా మెత్తగా మడతపెట్టి ఎవరో ఒకరి చంకలో పెట్టేస్తాడు. అంతా విని, కళ్లజోడు తుడుచుకుంటూ ఆడపడుచు వైపు చూశాడు.

"వరసలు మార్చింది నువ్వేనా అమ్మా?"

"అవును సార్."

"సరే. రేపు పొద్దున్నే మీటింగ్ పెట్టుకుందాం. ఆసుపత్రి వాళ్లకి రేపు సాయంత్రానికల్లా ఒక పేరు చెప్పాలి కదా. మీటింగ్‌లో తేల్చేద్దాం." అప్పుడు జల్లెడ వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

'ఈ పిల్ల నన్ను ముందే అడిగింది' అని జల్లెడ ఒక్క వాక్యం చెప్తే సరిపోయేది. ఆ వాక్యం గొంతు దాకా వచ్చింది కూడా. "ముందు అందరికీ ఫోన్లు చేద్దాం సార్" అంది.

ఫోన్లు చేశారు. ఆసుపత్రి కౌంటర్‌లో ఉండే ఆవిడ నంబర్లు ఇచ్చింది. గుప్పెడు మందే, కానీ ఒక్కొక్కరికీ రెండేసి సార్లు చెప్పాలి. 'నమస్కారమండీ, ఒక చిన్న సాంకేతిక లోపం వల్ల...' అని జల్లెడ మొదలుపెట్టేది. ఆ లోపం ఎవరి కడుపునా పుట్టకుండా గాలిలోంచి ఊడిపడినట్టు చెప్పేది. తండ్రులు కొందరు తిట్టారు. ఒక తాతగారు మాత్రం ఆమె క్షేమం అడిగి మరీ ఫోన్ పెట్టేశారు. ఒకరి తర్వాత ఒకరు, అందరూ దొరికారు. ఒక్క నంబరు మాత్రం మోగి మోగి ఆగిపోతోంది. మళ్లీ చేశారు, వేరే ఫోన్ నుంచి చేశారు. ఊహూ.

"ఆ కుట్టుమిషనావిడ ఎత్తదండీ" అంది కౌంటర్ ఆవిడ. "తెలియని నంబరంటే అమ్మేవాళ్లనుకుంటుంది. మా ఫోనూ అంతే. ఆసుపత్రి పేరుతో వచ్చే మీ మెసేజ్ ఒక్కటే చదువుతుంది. పాపకి చెవి ఆపరేషన్. పోయినసారి జ్వరమొచ్చి ఆగిపోయింది. ఈ డాక్టర్‌గారు వేరే ఊర్నుంచి వస్తారు, ఎప్పుడు వస్తే అప్పుడే. ఈసారి తప్పిందంటే మళ్లీ ఎన్నాళ్లకో నాకే తెలీదు."

అడ్రస్ రాసుకున్నారు. ఆడపడుచు స్కూటర్ తాళం తీసింది.

సాయంత్రం రద్దీ. ప్రతి సిగ్నల్ దగ్గరా బండి ఆగుతోంది. ఆగినప్పుడల్లా వెనక కూర్చున్న జల్లెడ ఒక కాలు దించుతోంది, దిగి పరిగెత్తితే ముందు చేరతానేమో అన్నట్టు. బస్సు పక్కనుంచి దూరిపొమ్మంటుంది, దూరితే అమ్మో అంటుంది. మామూలుగా అయితే ఆడపడుచు 'నువ్వే నడుపు తల్లీ' అని బండి అప్పగించేది. ఇవాళ ఎటు చెప్తే అటు తిప్పుతోంది.

'పొద్దున నేను అడిగాను కదా వదినా' అని ఆ పిల్ల ఒక్కసారన్నా అనలేదు. అని ఉంటే జల్లెడకి ఎంత హాయిగా ఉండేదో! నువ్వూ గట్టిగా పట్టుబట్టాల్సింది అని ఎదురు కసురుకునేది. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు మహాతల్లి.

మూడో సిగ్నల్ దగ్గరో నాలుగో దాని దగ్గరో అంది, తల తిప్పకుండానే. "రేపు మీటింగ్‌లో నాదే పొరపాటని చెప్పేస్తాను వదినా. నా ఉద్యోగం ఎలాగూ ఖాయం కాలేదు. పోతే ఇంకోటి వెతుక్కుంటా. నీది అలా కాదు కదా. పిల్లల చదువులున్నాయి, అన్నయ్యకి ఇప్పుడు పని కూడా సరిగ్గా లేదు."

"ముందు రోడ్డు చూసి నడుపు" అంది జల్లెడ.

అంది కానీ, ఆ మాట వినగానే ఆమె ఒళ్లంతా తేలికపడింది. ఆ తేలికకి వెంటనే సిగ్గేసింది. తన మీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. అయినా ఆ తేలిక పోలేదు. పచ్చలైటు పడింది, బండి కదిలింది.

ఇల్లు బట్టల దుకాణాల వెనక సందులో, ఇరుకు మెట్ల పైన ఉంది. మెట్ల మీదికే కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. తలుపు కొట్టారు. మిషను ఆగలేదు. జల్లెడ అరచేత్తో బాదింది. అప్పుడు ఆగింది. తలుపు గొలుసు తీయకుండా, సందులోంచి ఒక మొహం కనిపించింది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది.

"మాకేం వద్దమ్మా."

"అమ్మేవాళ్లం కాదండీ. మీ పాప ఆపరేషన్ గురించి వచ్చాం."

ఆవిడ వెనక ఒక పాప వచ్చి నిలబడింది. నాలుగేళ్లుంటాయేమో. గుమ్మంలో ఉన్నవాళ్ల కళ్లలోకి కాదు, పెదాల వైపు చూస్తోంది.

జల్లెడ గబగబా చెప్పింది. మధ్యాహ్నం వచ్చిన మెసేజ్ తప్పు, పొద్దున బిడ్డకి ఏమీ పెట్టకూడదు, నీళ్లయితే ఇవ్వచ్చు. ఆవిడ అంతా విని, ఫోన్ తెచ్చి, మెసేజ్ చదువుకుంది.

"ఇది ఆసుపత్రి నుంచే వచ్చింది. మీరెవరో నాకేం తెలుసు?"

ఆడపడుచు తన ఫోన్‌లో సైట్ తెరిచి గొలుసు సందులోంచి చూపించింది. "ఇదిగోండి, ఇక్కడ చూడండి. తిండికి ఆరు గంటలు."

"ఇందులో ఒకటి, అందులో ఒకటి. దేన్ని నమ్మమంటారు?" ఆవిడ గొంతు పెరిగింది. "తెల్లారకముందే లేపి పాలు, బ్రెడ్డు పెట్టి తీసుకెళ్దామనుకున్నా. తినచ్చని ఉంది కదా అని ప్రాణం కుదుటపడింది. అక్కడ ఎంతసేపు కూర్చోబెడతారో ఎవరికి తెలుసు? ఆకలికి ఏడిస్తే దీనికి ఏం చెప్పి ఊరుకోబెట్టను? చెప్పినా వినపడదు కదా!"

ఆసుపత్రికి ఫోన్ చేసింది జల్లెడ. లైను ఖాళీ లేదు. మళ్లీ చేసింది. లేదు. మెట్ల మీద ఆమె కాళ్లు నిలవడం లేదు. ఆవిడ తలుపు మూసేస్తే ఇంక చేసేదేమీ ఉండదు. రేపు పొద్దున ఆ పాప కడుపునిండా పాలు తాగి, ఆపరేషన్ గది దాకా వెళ్లి, వెనక్కి వస్తుంది. లేకపోతే ఈవిడ భయపడి అబద్ధం చెప్తుంది.

"అసలు తప్పెవరిది?" అని అడిగింది కుట్టుమిషనావిడ.

"చిన్న సాంకేతిక లోపం..."

"లోపానికి చేతులుంటాయా అమ్మా, మెసేజ్ పంపడానికి? ఎవరో ఒకరు చేసుండాలి కదా. ఎవరు?"

"నేనేనండీ" అంది ఆడపడుచు. "పట్టిక మార్చింది..."

"కాదు" అంది జల్లెడ.

ఆడపడుచు ఆమె మోచేయి పట్టుకుంది. జల్లెడ విడిపించుకుంది.

"ఈ అమ్మాయి చేసింది మంచి మార్పే. మీలాంటి వాళ్లకి తేలిగ్గా ఉండాలని చేసింది. కాకపోతే ఆ పట్టికని మనుషులే కాదు, మెసేజ్‌లు పంపే మిషను కూడా చదువుతుంది. ఏది ఆపి పరీక్షించాలి, ఏది వెంటనే వదలాలి అని చూడాల్సింది నేను. ఆఫీసులో అందుకే నాకు జీతమిచ్చేది. పొద్దున ఈ అమ్మాయి నా దగ్గరికొచ్చి మరీ అడిగింది, మిషను కూడా చదువుతుంది కదా, పంపచ్చా అని. నేను నలుగురిలో దీన్ని వెక్కిరించి పంపేశాను. లోపల ఏముందో చూడలేదు. తప్పు నాది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా పై ఆయనకీ చెప్పలేదు. మీకే చెప్తున్నాను."

ఆవిడ జల్లెడని ఎగాదిగా చూసింది. పాప కూడా చూసింది, ఆ పెదాలనే. కింద సందులో ఎవరో షట్టర్ దించుతున్నారు.

"తనది కాని తప్పు నెత్తినేసుకోడానికి ఇంత దూరం ఎవరూ రారులే" అంది ఆవిడ. గొలుసు తీసింది.

గది నిండా గుడ్డముక్కలు. కూర్చోమనలేదు, వీళ్లూ కూర్చోలేదు. ఆవిడ వేళ్లు మడుస్తూ ఒక్కొక్కటీ అడిగింది. ఇప్పుడు అన్నం పెట్టచ్చా? పెట్టండి. పడుకునేముందు పాలు? ఇవ్వచ్చు. తెల్లవారుజామున లేచి అడిగితే? మంచినీళ్లు మాత్రమే. బిస్కెట్? వద్దు. ఒక్కటి? ఒక్కటి కూడా వద్దమ్మా. మళ్లీ మొదటి నుంచి చెప్పమంది. జల్లెడ మళ్లీ చెప్పింది. పాప మధ్యలో వచ్చి వాళ్లమ్మ కుచ్చిళ్లు పట్టుకుని నిలబడింది.

ఇద్దరూ గుమ్మం దాకా వచ్చాక ఆవిడ పిలిచింది.

"ఏమండీ. రేపు పొద్దున మీరు కూడా రండి."

"నేనా?"

"మీరే. అక్కడికెళ్లాక ఒకళ్లు ఒకటి చెప్తారు, ఇంకొకళ్లు ఇంకొకటి చెప్తారు. నాకు ఎవర్ని అడగాలో తెలీదు. దీని నాన్న లారీ తోలుకుంటూ ఎక్కడున్నాడో, ఎప్పుడొస్తాడో. ఇది లోపలికెళ్లి బయటికొచ్చేదాకా మీరు నా పక్కన కూర్చోండి."

"వదినా" అంది ఆడపడుచు చిన్నగా. "రేపు పొద్దున మీటింగ్."

అది జల్లెడకి గుర్తులేక కాదు. తను అక్కడ లేకపోతే సర్దుబాటు గారికి పని ఇంకా సులువు. అడ్డం చెప్పేవాళ్లుండరు. లేని మనిషి మీద ఎంతైనా మడతపెట్టి పెట్టచ్చు. తను ఉంటే కనీసం ఆ ప్రోగ్రాం రాసినవాణ్ని అడగచ్చు, ఇన్నేళ్లూ ఆ గదుల పద్ధతిని మెచ్చుకున్నవాళ్లని నిలదీయచ్చు, ఉద్యోగం నిలబెట్టుకోడానికి నాలుగు మాటలన్నా చెప్పుకోవచ్చు.

"మీటింగ్‌కి నువ్వెళ్లు" అంది. "నువ్వేం అడిగావో, నేనేమన్నానో ఉన్నదున్నట్టు చెప్పు. పక్కన నవ్వినవాళ్లున్నారు, వాళ్లని అడగమను. నా మీద జాలిపడి ఒక్కమాట మింగావో, ఇంటికి రానివ్వను."

"మరి నీ ఉద్యోగం?"

జల్లెడ వంగి చెప్పులు వెతుక్కుంది. ఆడపడుచు కళ్లు తుడుచుకుంటుంటే, కుట్టుమిషనావిడ వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీకంత ఇబ్బందైతే వద్దులెండి" అంది. అంటూనే పాపని దగ్గరికి లాక్కుంది.

"ఇబ్బందేం లేదు" అంది జల్లెడ. "ఎన్నింటికి రావాలో చెప్పండి."